'ఫెల్' అంటే కొండా, గుట్టా, గట్టా?

ఉత్తర ఇంగ్లండులోని కంబ్రియాలో ఉంటున్నాను. మా ఊళ్లో కొండల్లో పరిగెత్తేవాళ్ల 'ఫెల్ రన్నింగ్' క్లబ్ వాళ్లు, చనిపోయిన తమ పాత సభ్యుడొకరి పేరు మీద ఏటా రేసు పెడతారు. ఈసారి నీళ్లందించడానికి తెలుగువాళ్లం నలుగురం వెళ్తున్నాం. మనవాళ్ల వాట్సాప్ గ్రూపు కోసం ఆ ప్రకటనని తెలుగు చేద్దామని యంత్రానువాదంలో వేస్తే 'పడిపోయిన పరుగు స్మారకం' అని వచ్చింది! ఆయన పెద్ద వయసులో మంచం మీద పోయారు. చదివినవాళ్లు కొండ మీంచి పడ్డారనుకోరూ?

ఈ ఫెల్‌కీ పడడానికీ చుట్టరికం లేదు. ఇది పాత నార్స్ మాట. నార్వేలో ఇప్పటికీ కొండని ఫ్యెల్ అంటారు. వెయ్యేళ్ల కిందట ఇక్కడికొచ్చి స్థిరపడ్డ నార్స్ జనం వదిలిన మాటల్లో ఇదొకటి. వాగుని బెక్ అనడం, కొండల్లోని చిన్న చెరువుని టార్న్ అనడం కూడా వాళ్ల చలవే. ఇంగ్లండులో అన్నిటికన్నా ఎత్తయిన స్కాఫెల్ పైక్ (978 మీటర్లు) పేరులో ఉన్నదీ ఇదే. స్కాఫెల్ అంటే బోడికొండ అని కొందరు అర్థం చెబుతారు. తెలుగులో ఏమందాం?

విజయనగరం నుంచి: మీరే చెప్పేశారు కదండీ, 'బోడికొండ పరుగు' అనండి.

అడిగినవారు: అర్థం సరిగ్గా అతుకుతుంది. కానీ 'బోడి సలహా'లోని బోడి కూడా వినిపిస్తుందండి, పోయినాయన పేరు పక్కన పెట్టలేను. (మీ సలహాని అనడం లేదు సుమా.)

నల్లగొండ నుంచి: మా దిక్కు గట్టు అన్నా గుట్టనే. మా చెర్వుగట్టు గుడి ఉన్నది గుట్ట మీదనే. పాత కవులు పార్వతిని గట్టురాచూలి, అంటే కొండలరాజు బిడ్డ, అన్నరు. 'గట్టు పరుగు' అంటే తప్పేంది?

గుంటూరు నుంచి: మాకు గట్టంటే కాలవ గట్టే. పొద్దున్నే వాకింగ్‌కి పిలుస్తున్నారనుకుంటాం.

అడిగినవారు: గట్టురాచూలి గుర్తుచేసినందుకు దండాలు. ఒక చిక్కు చెప్పడం మరిచాను. ఫెల్ అంటే శిఖరం ఒక్కటే కాదు. ఇక్కడ పొలాలు అయిపోయేచోట రాతిగోడ ఉంటుంది. దానికి పైన, ఉమ్మడిగా గొర్రెలు మేపుకునే నేలంతా ఫెల్లే. మన రెవెన్యూ వాళ్ల 'మేత పోరంబోకు'కి దగ్గరిది, కానీ అలా రాస్తే సర్వేకి జనం వస్తారు. ఈ ఆటలో అందరూ తలుచుకునే జాస్ నేలర్ కూడా ఇక్కడి వాస్‌డేల్ లోయలో గొర్రెలు పెంచుకున్న మనిషే. 1975లో 24 గంటలు నిండకుండానే 72 శిఖరాలు చుట్టొచ్చారు. 2024లో, 88 ఏళ్ల వయసులో పోయారు.

మనకి కొండ అనగానే మెట్లదారి గుర్తొస్తుంది. చిత్తూరు వైపు 'కొండకి పోతున్నాం' అంటే తిరుమలే. ఫెల్ రేసులో చాలాచోట్ల దారే ఉండదు. ఒక చెక్‌పాయింట్ నుంచి ఇంకోదానికి గడ్డిలో, బురదలో, బండల మీద ఎవరి తోవ వాళ్లు వెతుక్కోవాలి. మంచు కమ్మితే మ్యాపు, దిక్సూచే గతి. 'ఏ' (A) తరగతి రేసంటే కిలోమీటరుకి సగటున కనీసం 50 మీటర్లు ఎక్కాలి. అందుకే నాకు 'కొండ' కన్నా 'గుట్ట' నచ్చుతోంది. గొర్రెలు మేపేవాడు తిరిగేది గుట్టల్లోనే కదా.

ఒంగోలు నుంచి: ఫెల్ సంగతి మీరు తేల్చుకోండి గానీ, ఆ 'స్మారకం' తీసెయ్యండి. అది విగ్రహాలకీ భవనాలకీ. మా ఊళ్లో బండలాగుడు పోటీలకైనా కబడ్డీకైనా పోస్టర్ మీద 'కీ.శే. ఫలానా గారి జ్ఞాపకార్థం' అనే వేస్తారు.

అడిగినవారు: ఇదండీ కావాల్సింది! కీ.శే. అంటే కీర్తి మాత్రమే మిగిలినవారు అని క్లబ్ ఆవిడకి చెప్పాను. రెండుసార్లు పలికించుకుని కాగితం మీద రాసుకుంది. 'పందెం' అని మాత్రం రాయను. 'పరుగుపందెం' బడిలో అందరం పరిగెత్తిందే అయినా, సంక్రాంతి దగ్గరికొచ్చాక ఆ మాట వింటే కోళ్లే గుర్తొస్తాయి. ఇలా పెడుతున్నాను: 'కీ.శే. ... గారి జ్ఞాపకార్థం గుట్టల పరుగు. ఈల, దిక్సూచి తప్పనిసరి.'

నల్లగొండ నుంచి: అంతా మంచిగుంది. 978 మీటర్లను గుట్ట అంటే మాత్రం మా తాత ఒప్పుకోడు.