గత శతాబ్దపు సూర్యుడు నిజంగానే అసాధారణమా?

మంచుపొర:
20వ శతాబ్దం రెండో సగంలో సూర్యుడు ఉన్నంత చురుగ్గా మళ్లీ కనపడాలంటే 8000 ఏళ్లు వెనక్కి వెళ్లాలని 2004లో సోలంకి బృందం తేల్చింది. ఆధారం, చెట్ల వలయాల్లోని కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్. సూర్యుడి అయస్కాంత క్షేత్రం బలపడితే అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు మన దాకా తక్కువగా వస్తాయి, వాటి వల్ల గాలిలో పుట్టే కార్బన్-14 కూడా తక్కువగా పుడుతుంది. 1645–1715 మధ్య సూర్యుడి మీది మచ్చలు దాదాపు మాయమైన మాండర్ కాలంలో కార్బన్-14 పెరిగింది కూడా. గత శతాబ్దపు సూర్యుడు అసాధారణమే అనడానికి ఇంకా అభ్యంతరం ఎందుకో నాకు అర్థం కావట్లేదు.

వలయం14:
మాండర్ కాలం గురించి పేచీ లేదండీ. పేచీ అంతా అతుకు దగ్గరే. బొగ్గు, చమురు కాల్చడం వల్ల కార్బన్-14 లేని పాత కార్బన్ గాలిలో కలిసింది. 1950ల నుంచి అణుబాంబు పరీక్షలు కార్బన్-14ను అమాంతం పెంచేశాయి. అంటే మీరు అసాధారణం అంటున్న దశాబ్దాలకే వలయాల సాక్ష్యం పనికిరాదు. పాత కాలానికి వలయాలు, కొత్త కాలానికి టెలిస్కోపుతో లెక్కపెట్టిన మచ్చలు. ఈ రెండు కొలతల్ని కలపడంలో కాస్త తేడా వచ్చినా తీర్పే మారిపోతుంది. 2005లో ముషెలర్ బృందం ఇదే చూపించింది: ఈమధ్య సూర్యుడి చురుకుదనం స్థాయి ఎక్కువే, కానీ గత వెయ్యేళ్లలో ఎన్నడూ లేనిది కాదు. పైగా 2015లో మచ్చల పట్టికనే సవరించారు. దాంతో 18, 19 శతాబ్దాల శిఖరాలకూ 20వ శతాబ్దానికీ మధ్య తేడా బాగా తగ్గింది.

మంచుపొర:
సరే, ధ్రువాల మంచులో దొరికే బెరిలియం-10 సంగతేమిటి? కాస్మిక్ కిరణాలు గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కేంద్రకాలను బద్దలుకొడితే పుడుతుంది, ధూళికణాలకు అంటుకుని ఏడాది రెండేళ్లలో మంచుతో పాటు కిందికి దిగుతుంది. కార్బన్‌లా సముద్రాల్లో తిరుగుతూ కూర్చోదు.

వలయం14:
అందుకే నాకూ దానిమీదే ఎక్కువ నమ్మకం. మాండర్ కాలంలో మచ్చలు లేకున్నా సూర్యుడి చురుకుదనం పెరిగి తగ్గే 11 ఏళ్ల చక్రం ఆగలేదని గ్రీన్‌లాండ్ మంచే చెప్పింది! కానీ వెంటనే దిగడమే దాని బలహీనత కూడా. ఆ చోట గాలులు మారినా, మంచు ఎక్కువ తక్కువగా కురిసినా అంకె మారుతుంది. ఒక్క చోటి మంచుతో శతాబ్దాల సూర్యుణ్ణి తూచలేం.

ధ్రువతార:
ఇద్దరూ 2009ని వదిలేశారు. ఆ ఏడు కాస్మిక్ కిరణాలు అంతరిక్ష యుగం మొదలయ్యాక ఎన్నడూ లేనంత పెరిగాయి. 1950ల నుంచి నేల మీద కాస్మిక్ కిరణాలను కొలుస్తున్న న్యూట్రాన్ మానిటర్లూ ఆ పెరుగుదలను పట్టుకున్నాయి. అంటే సూర్యుడి ఆ బలమైన దశ అపూర్వమైనా కాకపోయినా, ముగిసిందన్నది మాత్రం నేరుగా కొలిచిన విషయం. 2009 నాటి మంచులో బెరిలియం ఎంతుందో రెండు ధ్రువాల్లోనూ చూసి, మానిటర్ల లెక్కతో పోల్చండి. అతుకు ఎంత గట్టిదో అక్కడే తెలుస్తుంది.