అప్‌డేట్: చదివింది అవసరానికి గుర్తురావట్లేదని అడిగాను కదా

ఎన్ని మంచి మాటలు చదివినా, తీరా కోపం వచ్చేసరికి ఒక్కటీ గుర్తుకు రావడం లేదని ఆమధ్య అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. "ఇంకా చదవండి" అన్న సలహా మాత్రం పక్కన పెట్టాను. చదవడానికేం, చదువుతూనే ఉన్నాను!

పనికొచ్చింది ఒకరు చెప్పిన 'ఇలా జరిగితే ఇలా చేస్తా' పద్ధతి. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త 1990ల్లో దీని మీద పరిశోధన చేశారు. 'ఓర్పుగా ఉంటాను' అనుకుంటే అది గాల్లో మాటే. 'ఒళ్లు మండే మెసేజ్ వస్తే, జవాబు పంపకుండా ఫోన్ బోర్లా పెడతాను' అని సందర్భాన్నీ పనినీ ముందే ముడివేసుకోవాలి. అప్పుడు ఆ సందర్భం ఎదురవగానే పని దానంతటదే గుర్తొస్తుంది.

మొన్న టీమ్ లీడ్ నుంచి అలాంటి మెసేజే వచ్చింది. ఘాటుగా నాలుగు వాక్యాలు టైప్ చేసి, ఫోన్ బోర్లించాను. కాసేపాగి అదంతా చెరిపేసి, "ఏ ఫైల్ గురించండీ?" అని మాత్రం పంపాను. చూస్తే ఆయన అడిగింది నా ఫైల్ గురించే కాదు!

ఇంట్లోవాళ్ల దగ్గర మాత్రం ఇంకా కుదరట్లేదు. ఎదురుగా ఉన్న మనిషిని బోర్లించలేం కదా. దానికేమైనా ఉపాయం తెలిస్తే చెప్పండి.