జేపీజీ లోగోలోంచి అసలు రంగు నంబరు ఎలా పట్టుకోవాలి?

మా బాబాయి చీరల కొట్టుకు చిన్న వెబ్‌సైట్ చేస్తున్నాను. లోగో గీసినాయన ఫోన్ ఎత్తడం లేదు, నా దగ్గరున్నది వాట్సాప్‌లో వచ్చిన జేపీజీ ఒక్కటే. పేజీ పైపట్టీకి ఆ లోగో వెనకాల ఉన్న మెరూన్ రంగే వేయాలి.

విండోస్‌లో పవర్‌టాయ్స్ కలర్ పికర్ (తెర మీద నొక్కినచోటి రంగు నంబరు చెప్పే టూల్) వాడాను. ఒకచోట నొక్కితే 128, 22, 40 (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు) అంటుంది, పక్కనే నొక్కితే 133, 18, 45. కంటికి మాత్రం అంతా ఒకటే మెరూన్! జేపీజీలో ఫైలు కుదించడం వల్ల ఇలా అవుతుందని తెలుసు, కానీ ఏ నంబరు నమ్మాలి? ఒకటి ఎంచి సీఎస్ఎస్‌లో (పేజీ రంగులు, రూపం రాసే కోడ్‌లో) పెడితే లోగో చుట్టూ అతుకు కనిపిస్తోంది. బాబాయి కన్ను ముందు అక్కడే పడింది.

గింప్ అనే ఫొటో ఎడిటర్‌లో పికర్‌కి చుట్టుపక్కల పిక్సెళ్ల సగటు తీసే ఆప్షన్ ఉంది. రేడియస్ ఎంత పెడితే మంచిది? పైగా మా ఫ్రెండ్ మ్యాక్‌లో డిజిటల్ కలర్ మీటర్ ఇంకో నంబరు చూపిస్తోంది. అందులో ఎస్ఆర్‌జీబీ (వెబ్‌లో మామూలుగా వాడే రంగుల ప్రమాణం) ఎంచుకోవాలా, నేటివ్ విలువలా (ఆ తెర సొంత విలువలు)?

లేక లోగోను ఎస్‌వీజీగా (పిక్సెళ్లతో కాక గీతలు, ఆకారాలతో చేసే బొమ్మ ఫైలుగా) మళ్లీ గీసుకోవడమే మేలంటారా? నాకు డ్రాయింగ్ అంతగా రాదు, అదే టెన్షన్.