తల్లిదండ్రుల పోషణకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఎంతవరకు ఉంటుంది?

ప్రశ్న:
నేను హైదరాబాదులో ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తున్నాను. మా అమ్మగారి వయసు 68 సంవత్సరాలు, తెనాలిలో ఉంటున్నారు. నాన్నగారు పోయిన తరువాత ఆమె బాధ్యత నాదే. ప్రతి నెలా నేను ఆమె ఖాతాలో వేసే 20,000 రూపాయలతోనే ఇంటి ఖర్చు, మందులు, పగటిపూట తోడుండే మనిషి జీతం గడుస్తున్నాయి. పార్కిన్‌సన్స్ వ్యాధి ఉన్నందువల్ల ఆమెకు ఆరోగ్య బీమా ఇవ్వడానికి కంపెనీలు ఒప్పుకోలేదు. ప్రీమియం రసీదు లేనిదే మినహాయింపు రాదని ఆఫీసులోను, పెళ్లయిన కూతురికి ఇవేవీ వర్తించవని బంధువులలోను అంటున్నారు. 2025-26 ఆర్థిక సంవత్సరపు రిటర్ను వేసేలోగా అసలు విషయం తెలుసుకోవాలనుకుంటున్నాను.

సమాధానం 1:
కూతురికి వర్తించదన్న మాట పూర్తిగా తప్పు. కన్న తల్లిదండ్రుల విషయంలో కొడుకు, కూతురు అన్న తేడా గాని, పెళ్లి అయిందా లేదా అన్న విచారణ గాని చట్టంలో లేదు. ఆరోగ్య బీమాకు, వైద్య ఖర్చులకు మినహాయింపు ఇచ్చే సెక్షన్ 80డీ కింద తల్లిదండ్రుల పద్దులోకి రానిది అత్తమామల ఖర్చు.

నెలనెలా పంపే డబ్బుకు మాత్రం, అది ఎంతైనా సరే, మినహాయింపు లేదు. తల్లిని పోషించడం పిల్లల బాధ్యత అని 2007లో చట్టం చేసిన దేశంలో ఆ పోషణ ఖర్చును పన్ను చట్టం గుర్తించకపోవడం అన్యాయమని నా అభిప్రాయం. అయితే 60 ఏళ్లు నిండిన తల్లికి బీమా లేనప్పుడు, ఆమె వైద్యానికి మీరు పెట్టిన ఖర్చు మీదే 80డీ కింద ఏటా 50,000 రూపాయల వరకు పన్ను లెక్కించే ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. ఆమె మీపై ఆధారపడి ఉండాలన్న షరతు కూడా లేదు. కాని చెల్లింపు నగదులో ఉండకూడదు. మీరు పంపిన డబ్బుతోనే అమ్మగారు మందుల షాపులో నోట్లు ఇచ్చి కొంటే ఆ బిల్లు పనికిరాదు; అదే బిల్లును మీరు హైదరాబాదు నుంచే యూపీఐ ద్వారా కట్టి, బిల్లు మీద ఆమె పేరు రాయించుకుంటే పనికివస్తుంది.

సమాధానం 2:
పార్కిన్‌సన్స్ అన్నారు కాబట్టి, కొన్ని నిర్దిష్ట వ్యాధుల చికిత్స ఖర్చుకు మినహాయింపు ఇచ్చే సెక్షన్ 80డీడీబీ కూడా చూడండి. వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉన్నట్లు ధ్రువీకరణ ఉంటే, 60 దాటిన వారి చికిత్సకు నిజంగా అయిన ఖర్చులో లక్ష రూపాయల వరకు మినహాయింపు వస్తుంది. దానికి న్యూరాలజీ నిపుణుడు రాసిన ప్రిస్క్రిప్షన్ ఉండాలి. ఒకే బిల్లును 80డీలోను, ఇందులోను రెండుసార్లు చూపకూడదు. ఇక్కడ మాత్రం ఆమె పూర్తిగానో ప్రధానంగానో మీపైనే ఆధారపడి ఉండాలి.

కదలికకు సంబంధించిన వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉన్నట్లు ప్రభుత్వ వైద్యాధికారి ధ్రువపత్రం ఇస్తే, వైకల్యం ఉన్న ఆధారితుల కోసం ఉన్న సెక్షన్ 80డీడీ కింద 75,000, అది 80 శాతం లేదా అంతకు మించి ఉంటే 1,25,000 రూపాయల మినహాయింపు లభిస్తుంది. ఈ సెక్షన్‌లో ఖర్చు ఎంతయిందన్నదానితో నిమిత్తం లేకుండా మొత్తం నిర్ణీతంగా ఉంటుంది. నర్సింగ్ ఖర్చును కూడా చట్టం ఇందులో చేర్చింది కనుక, తోడుండే మనిషికి ఇచ్చే జీతాన్ని ఇకనుంచి బ్యాంకు ద్వారా చెల్లించండి.

సమాధానం 3:
పైన చెప్పినవన్నీ పాత పన్ను విధానంలోనే వర్తిస్తాయి. మీరు ఏమీ చెప్పకపోతే ఆఫీసు, రేట్లు తక్కువగా ఉండి ఇలాంటి మినహాయింపులు లేని కొత్త విధానంలోనే పన్ను కోస్తుంది. అలా కోసినా, రిటర్నును గడువులోగా వేస్తే అందులో పాత విధానం ఎంచుకోవచ్చు. గడువు దాటితే ఆ అవకాశం ఉండదు. మీకు జీతం ఒక్కటే ఆదాయమై, అది 12.75 లక్షలు మించకపోతే కొత్త విధానంలో పన్నే పడదు కనుక, రెండు లెక్కలూ వేసుకోకుండా పాత విధానం వైపు వెళ్లవద్దు.

మరొక మార్గం కూడా ఉంది. మీ పొదుపులో కొంత అమ్మగారికి ఇచ్చి ఆమె పేరున డిపాజిట్ చేయించవచ్చు. తల్లికి ఇచ్చిన డబ్బు ఎంతైనా ఆమెకు పన్ను పడదు, దాని మీద వచ్చే వడ్డీని భార్య లేదా భర్త విషయంలోలాగా తిరిగి మీ ఆదాయంలో కలపరు. అయితే ఆ డబ్బు నిజంగా ఆమెదే అవుతుంది, రేపు వారసులందరికీ అందులో హక్కు ఉంటుంది. తోబుట్టువులు ఉంటే ముందే మాట్లాడుకోండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నాకు ఒక తమ్ముడు ఉన్నాడు, ఆసుపత్రి ఖర్చులో సగం వాడే భరిస్తాడు. ఇద్దరమూ చూపవచ్చా?

సమాధానం 1:
చూపవచ్చు. ఎవరి ఖాతా నుంచి ఎంత వెళ్లిందో అంతే వారు చూపాలి. ఆసుపత్రి వారిని రెండు చెల్లింపులకు రెండు రసీదులు అడగండి.