శనివారం అడవి నడక: పిల్లోడికి బూట్లు ఏవి కొనాలి?

పలాస: అందరికీ నమస్కారం. న్యూజెర్సీ వచ్చి రెండు నెలలైంది. మావాడు నాలుగో తరగతి. ఊళ్లో తాతతో జీడితోటల్లో తిరిగేవాడు, ఇక్కడ అపార్టుమెంటులో కట్టేసినట్టుంది. శనివారం కౌంటీ పార్కులో నేచురలిస్టు (చెట్టూచేమా, పురుగూపుట్రా గురించి చెప్పేవాళ్లు) పిల్లల్ని అడవిలో తిప్పుతారట. బూట్లు ఏ రకం కొనాలండీ?

బొబ్బిలి: బూట్లదేముంది చెల్లీ, ముందు పాసు తీసుకో. నాలుగో తరగతి పిల్లలకి ఏడాదంతా అన్ని పార్కులూ ఉచితం, స్టేట్ పార్కులతో సహా.

నరసన్నపేట: స్టేట్ పార్కులకి చెల్లదు మాస్టారూ. ఆ ఎవ్రీ కిడ్ ఔట్‌డోర్స్ పాసు ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ పార్కులకే, సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 దాకా. పోయినేడు మీ మాట నమ్మి గేటు దగ్గర డబ్బు కట్టాం. చెల్లెమ్మా, నేషనల్ పార్కుకెళ్తే జూనియర్ రేంజర్ పుస్తకం అడుగు. అది పూర్తిచేస్తే రేంజరు ప్రమాణం చేయించి బ్యాడ్జి ఇస్తారు.

రాజాం: పాసు గోల ఆనక. ఓక్ కాయలు మాత్రం ఇంట్లోకి రానివ్వకు తల్లీ. మా గుంట సంచీడు ఏరుకొచ్చి మంచం కింద దాచింది. కొన్నాళ్లకి కార్పెట్టు నిండా తెల్లటి పురుగులు! ఇల్లుగలాయన చూసి, "మీ బియ్యం మూటల వల్లే" అనీసాడు. మందు కొట్టించి, ఖాళీ చేసినప్పుడు ఆ ఖర్చు డిపాజిట్‌లో కోసుకున్నాడు. ఎన్ని ఈమెయిళ్లు పెట్టినా ఉలుకూ పలుకూ నేదు. తర్వాత నేచురలిస్టుకి చెప్తే ఆవిడ ఒకటే నవ్వు. కాయ చెట్టున ఉండగానే ముక్కుపురుగు లోపల గుడ్డు పెడతాదట. పిల్లపురుగు గుండ్రటి కన్నం చేసుకొచ్చి మట్టిలో దూరతాదట. మట్టి దొరక్క మా కార్పెట్టు పట్టింది. కాయల్ని నీళ్లలో వెయ్యమంది, తేలినవన్నీ దాదాపు పుచ్చులే. విత్తనం వడ్లు ఉప్పునీళ్లలో పోసి తాలు తీసీమా, అదే! మా గుంట తాతకి ఫోను చేసి గంటసేపు ఇదే చెప్పింది.

ఆమదాలవలస: మూడాకుల తీగ ముట్టుకోనివ్వకండి. మా అత్తగారు మారేడుదళంలా ఉందని శివుడికి కోసీసారు. అది పాయిజన్ ఐవీ. పూజ మాటెలా ఉన్నా వారం రోజులు దురదే.

బొబ్బిలి: ఇన్ని పాఠాలు మనకెవరు చెప్పారు? మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చింతచెట్ల మీద సైబీరియా కొంగల్ని చూసి పెరగలేదా?

నరసన్నపేట: సైబీరియా ఏటి మాస్టారూ! ఆ గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ మన దక్షిణాసియా పక్షులే. చెప్పేవాళ్లు లేకే ఇన్నేళ్లూ ఆ మాట మోస్తున్నాం.

బొబ్బిలి: మా నాన్న సైబీరియా అనే చెప్పారు.

పలాస: బూట్లండీ...

రాజాం: పాతవే వేసీ తల్లీ. మేజోళ్లు పేంటు మీదకి లాగు, టిక్కులు, అదే రక్తం పీల్చే పిడుదులు, పాకుతాయి. ఇంటికి రాగానే మోకాళ్ల వెనకా చెవుల వెనకా చూడు.