కాక, సెగ, ఉక్క: మూడూ ఒకటేనా?

పర్లాకిమిడిలో ఈ-రిక్షా కంట్రోలర్లు (మోటారుకు కరెంటు అదుపుచేసి పంపే పెట్టెలు), మిల్లుల్లో అదే పని చేసే మోటారు డ్రైవులు బాగుచేస్తాను. ఒడియా డ్రైవర్లు "గరమ హెయిగలా" అంటూ వస్తారు. మన వాళ్లు "హీటెక్కింది" అంటారు. మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాణ్ణి, ఎక్కడరా వేడి అని అడిగితే నోరు వెళ్లబెట్టాడు. తప్పు వాడిది కాదు, ఆ మాటది.

మన వంటింట్లో ఇంత అస్పష్టత లేదు. పెనానికి ఎక్కేది కాక. దూరంగా పట్టిన అరచేతికి తగిలేది సెగ. తలుపులేసిన గదిలో పోసేది ఉక్క. కంట్రోలర్లోనూ ఉన్నవి ఈ మూడే.

మోటారుకు కరెంటు వదిలి ఆపే స్విచ్చులాంటి భాగం మాస్‌ఫెట్. దాని లోపలి సిలికాన్ ముక్కది కాక. నిండా జనంతో బండి ఎత్తు ఎక్కుతుంటే మోటారు నెమ్మదిగా తిరుగుతూ ఎక్కువ కరెంటు లాగుతుంది. కరెంటు రెట్టింపైతే నిరోధం వల్ల పుట్టే వేడి నాలుగింతలు. కాక పెరిగేకొద్దీ ఆ నిరోధమూ పెరుగుతుంది, దాంతో ఇంకాస్త కాక. చాలా రకాలకు హద్దు 150 లేదా 175 డిగ్రీలు.

అక్కణ్ణుంచి అల్యూమినియం దిమ్మకు (హీట్‌సింక్‌కు) దాటాల్సింది సెగ. నా చేతికొచ్చే బళ్లలో ఎక్కువ చెడేది ఇక్కడే. మొన్న ఒకటి విప్పాను. ఒక స్క్రూ వదులై ఉంది. దాని కింద, వేడి దాటడానికి మధ్యలో పూసే పేస్టు ఎండి సున్నంలా రాలింది, మిగతా మూడు మూలలా తడిగానే ఉంది. కాలిన మాస్‌ఫెట్ సరిగ్గా ఆ వదులు మూలదే. గాలి కంటే అల్యూమినియం వేల రెట్లు బాగా వేడిని మోస్తుంది, అందుకే వెంట్రుకంత సందు చాలు కొంప ముంచడానికి. అలాగని పేస్టు మందంగా పూసినా చెరుపే. అది సందులు పూడ్చడానికి, అంతే.

ఇక పెట్టెలోపలిది ఉక్క. అది కెపాసిటర్లను, అంటే కరెంటును కాసేపు దాచి ఇచ్చే భాగాలను, తినేస్తుంది: లోపల రసాయన ద్రవం ఉండే ఎలక్ట్రోలిటిక్ రకానికి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగం.

ఈ వాడుక సరైనదేనా, పెద్దలు చెప్పండి.

*

బాబూ, నీ మాటలకు క్రియలే సాక్ష్యం. కాక ఎక్కుతుంది, సెగ తగులుతుంది, ఉక్క పోస్తుంది. 'కాగు' నుంచి వచ్చింది కాక, పాలు కాగినట్టు. అది వస్తువులోనే ఉండేది. సెగ అవతలివాడికి చేరాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఈ తేడా పనిముట్ల మధ్య బతికుందంటే నాకెంతో సంతోషం.

*

మాస్టారూ, క్రియల సంగతి నాకు తట్టలేదు. ఇవాళే కుర్రాడికి చెప్పాను. సాయంత్రం ఒక డ్రైవు మూత తీసి, "అన్నా, దీనికి సెగ బాగానే తగులుతోంది, ఫ్యాను ఆగి ఉక్క పోస్తోంది" అన్నాడు. చూస్తే ఫ్యాను రెక్కల నిండా ఊక దుమ్ము. హీట్‌సింక్‌కు మాత్రం నేనింకా 'దిమ్మ' అనే అంటున్నాను. సెగను లాగి గాలికి వదిలే దానికి ఇంతకంటే మంచి మాట మీ వైపు ఉందా?