ఈ వారం సమస్య: "చుక్క లెక్కువై చీకటి చుట్టుముట్టె"

నిర్వాహకుడు, నల్లగొండ:
మొన్న కరెంటు పోయిన రాత్రి మిద్దె మీద పండుకున్నాం. పక్కన మనవరాలు పైకి చూసి, "తాతా, గిన్ని చుక్కలున్నయి గదా, మరి ఇంత చీకటెందుకు?" అని అడిగింది. రాత్రి కాబట్టి అన్నాను. "సూర్యుడు కూడా చుక్కే అని మా టీచర్ చెప్పింది. ఒక్క చుక్కతోనే పగలైతే..." అని ఆగింది. నాకు జవాబు రాలేదు గానీ సమస్య పాదం వచ్చింది. దీన్ని చివరి పాదంగా ఉంచి, పై మూడు పాదాలు మీరు పూరించాలి.

పాదం తేటగీతి ఛందస్సులో ఉంది. గణాలంటే గురులఘువుల గుంపులు. చుక్క – లెక్కువై – చీకటి – చుట్టు – ముట్టె: ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు, చు–చు. కొత్తవాళ్లు ఈ లెక్క చూసుకొని రాయండి.

ఒక్క షరతు. గ్రహణం మీద పూరించొద్దు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన మీదుగానే పోయింది. మా అమ్మ తలుపులన్నీ మూసినా, నేను రెక్కల సందులోంచి చూశాను. పట్టపగలు పిట్టలు చెట్టుకు చేరడం, ఆకాశంలో చుక్క కనబడడం ఇంకా కళ్లలో ఉంది. అందుకే ఆ దారి మరీ సులువు. వేరే దారి వెతకండి.

తెలుగు టీచరు, మిర్యాలగూడ:
కోట్ల దీపాలు వెలిగించి కొండ మీద
చీకటింటను కూర్చున్న చెలువమేమొ
ఎన్ని వెలిగిన నేమయ్య యీ నభమున
చుక్క లెక్కువై చీకటి చుట్టుముట్టె

నిర్వాహకుడు:
టీచరమ్మా, మొదటి పాదం చదవగానే కొండ మీద దీపాలు కనబడ్డాయి. గణాలు, యతి నిక్షేపం. కానీ అన్వయం జారింది. మీ మనసులో ఉన్నది "చుక్కలు ఎక్కువైనా చీకటి" అని. పాదంలో ఉన్నది "ఎక్కువై". అది క్త్వార్థం ('ఎక్కువ అయి' అని), అప్యర్థకం ('ఎక్కువ అయినా' అని) కాదు. ఎక్కువ కావడం వల్లనే చీకటి వచ్చిందని చెప్పాలి. సమస్య అంతా ఆ ఒక్క "ఐ"లోనే ఉంది.

తెలుగు టీచరు, మిర్యాలగూడ:
పిల్లలకు అదే పాఠం చెప్పి నేనే జారానండీ. ఒప్పుకుంటున్నాను.

మునుగోడు కుర్రోడు:
సారూ, వెలుగు సంగతి నాకెందుకు, నాకు తెలిసిన చుక్క వేరే.

ఈతకల్లంచు మొదలాయె నింత యనుచు
కుండ కుండయు దిగె బావ కుక్షి లోన
గట్టు దారియు కనులకు గానరాదు
చుక్క లెక్కువై చీకటి చుట్టుముట్టె

నిర్వాహకుడు:
తమ్మీ, ఇది చదివి ఇంట్లో అందరికీ వినిపించాను. "ఐ" సమస్య నీ దగ్గర లేనే లేదు. చుక్క ఎక్కువైతే చీకటే, ఎవరూ కాదనరు! ఒక్క మాట మాత్రం పంటి కింద రాయిలా ఉంది. కల్లు తాగే బావ కడుపుకు "కుక్షి" అనే సంస్కృతం ఏంది? అది యతి కోసం పిలవగా వచ్చిన చుట్టం. అయినా ఉండనీ, నవ్వు చెడలేదు.

అక్కయ్య, గద్వాల:
సంకురాతిరి ముగ్గుకై సందెవేళ
లెక్క వేయక పెట్టితి నొక్కటొకటి
కలుపు గీతకు దారేది? కనులు మసక
చుక్క లెక్కువై చీకటి చుట్టుముట్టె

నిర్వాహకుడు:
అక్కా, ముగ్గు దాకా పోయిన ఊహకు దండం. ఎక్కువ చుక్కలు పెట్టబట్టే పొద్దు గూకింది, కారణం సరిపోయింది. రెండో పాదంలో మాత్రం యతి తప్పింది. లె–నొ కుదరదు.

అక్కయ్య, గద్వాల:
తమ్ముడూ, యతి కాదు, ప్రాసయతి వేసిన. "లెక్క – నొక్క". రెండో అక్షరాలు చూడు, ముందున్నవి రెండూ గురువులే. తేటగీతికి చెల్లుతది.

నిర్వాహకుడు:
తప్పు నాదే. కళ్లజోడు పెట్టుకోకుండా దిద్దినందుకు ఇది శిక్ష. గద్వాలకు విద్వద్గద్వాల (పండితుల గద్వాల) అని పేరు ఊరికే రాలేదు.

డిగ్రీ విద్యార్థి, జడ్చర్ల:
గాలివానకు తీగలు కూలిపోయె
మబ్బు తొలగగ మిద్దెపై మంచమేసి
పండుకున్నంత నింగిలో పాలపుంత
చుక్క లెక్కువై చీకటి చుట్టుముట్టె

నిర్వాహకుడు:
బాబూ, మా మిద్దె మీద రాత్రి నీకెట్ల తెలిసింది? మొదటి పాదంలో ప్రాసయతి సరే, కానీ తీగలు తెగుతాయి, కూలేవి కంబాలు. "గాలివానకు కంబాలు కూలిపోయె" అను, గణం చెడదు. "మంచమేసి" అంటే మంచాన్ని ఎవరో మేసినట్టుంది! "మంచ మిడగ" బాగుంటుంది. అసలు ఇబ్బంది చివర. చీకటి పడితే చుక్కలు ఎక్కువగా కనబడతాయి, నిజమే. నువ్వు దాన్ని తిరగేశావు.

అటవీశాఖ ఉద్యోగి, అచ్చంపేట:
పద్యం రాదు నాకు. ఒక్క మాట చెప్పి పోత. అమ్రాబాద్ అడవిలో లోపలికి పోయి నిలబడితే చూపు ఎటు పోయినా ఏదో ఒక చెట్టు బోదెకు తగుల్తది. బయట ఊరు కనబడదు. అదే మా ఊరి ఈతవనంలో నిలబడితే చెట్ల సందుల్లోంచి చెరువు కనబడ్తది. చుక్కలు నిజంగా అంతులేనివైతే ఆకాశం నల్లమల లెక్క ఉండాలి గదా, సందు లేకుండ? మరి ఈతవనం లెక్క ఎందుకుంది?

ఫిజిక్స్ సారు, దేవరకొండ:
అన్నా, మీరు చెప్పింది ఈతవనం కాదు, ఓల్బర్స్ వైరుధ్యం! ఓల్బర్స్ జర్మనీలోని బ్రెమెన్‌లో వైద్యుడు, రాత్రిళ్లు చుక్కలు చూసేవాడు. 1823లో ఈ ప్రశ్న మీద రాశాడు, తర్వాత అది ఆయన పేరుతోనే నిలిచింది. అంతకు ముందే 1610లో ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్, 1744లో స్విట్జర్లాండ్‌కు చెందిన ఖగోళ శాస్త్రవేత్త షెజో దీన్ని తడిమారు.

లెక్క చిన్నది. చుక్క రెట్టింపు దూరం పోతే మనకు అందే వెలుగు నాలుగో వంతు అవుతుంది. కానీ ఆ దూరంలో ఉల్లిపొర లాంటి పొర తీసుకుంటే, అంతే మందంలో నాలుగింతల చుక్కలు పడతాయి. అంటే ప్రతి పొరా సమానంగా వెలుగు పంపాలి. పొరలు అంతులేనివైతే చూపు ఎటు పోయినా ఒక చుక్కకు తగిలి, ఆకాశమంతా సూర్యుడి ముఖంలా మండాలి. పూరణ రేపు పంపుతాను.

రిటైర్డ్ క్లర్కు, కొల్లాపూర్:
మధ్యలో దుమ్ము అడ్డు పడుతుందేమో, సారూ?

ఫిజిక్స్ సారు, దేవరకొండ:
ఓల్బర్స్ కూడా అదే అన్నాడు, పెద్దాయనా. కానీ ఆ దుమ్ము ఆ వెలుగంతా తాగి తాగి తానే కాగుతుంది. చివరికి చుక్కంత వేడెక్కి తానూ వెలుగుతుంది. అది పొయ్యి మీద పెట్టిన మూత లాంటిది, ఎంతసేపని చల్లగా ఉంటుంది?

మునుగోడు కుర్రోడు:
సూర్యుడు ఎదురుగా ఉన్నా అంతరిక్షం నల్లగానే ఉంటదట గదా? అది వేరే కథనా?

ఫిజిక్స్ సారు, దేవరకొండ:
వేరే కథ. మన పగటి నీలం గాలి చెదరగొట్టిన వెలుగు. చంద్రుడి మీద గాలి లేదు, అందుకే అక్కడ పట్టపగలూ ఆకాశం నలుపే. వ్యోమగాముల ఫొటోల్లో చుక్కలు పడకపోవడానికి కారణం మాత్రం కెమెరా. ఎండలో మెరిసే నేలకు సరిపడా క్షణంలో మూసుకుంటుంది. ఇక్కడ ఆ సంగతి చాలు. ఇదిగో నా పూరణ:

బయలుదేరియు దారిలో బడలుచుండి
యెన్ని కోట్లేండ్లు నడచిన నింక నడకె
వెలుగు నేటికి మనయిల్లు వెదకిరాని
చుక్క లెక్కువై చీకటి చుట్టుముట్టె

నిర్వాహకుడు:
సారూ! మూడో పాదం చివరి "రాని" దగ్గర ఆగిపోయాను. వెలుగు ఇంకా రాని చుక్కలు ఎక్కువై చీకటి. టీచరమ్మను కష్టపెట్టిన "ఐ" ఇక్కడ కాస్తా కారణమైపోయింది. చుక్కలు ఎక్కువే, కానీ వాటిలో ఎక్కువవి మనకు ఇంకా చేరనివి. ఒక్క మాట అదనంగా తేకుండా, పాదాన్ని ఒక్క అక్షరం కూడా వంచకుండా సమస్యను తిప్పారు. "మనయిల్లు వెదకిరాని" చదువుతుంటే వలసపోయినవాళ్ల కోసం ఎదురుచూసే పాలమూరు ఇల్లు కనబడింది.

ఇక సైన్సు నేనడుగుతా, ఒప్పుకోవాలి. చేరకపోవడానికి కారణం ఏమిటి?

ఫిజిక్స్ సారు, దేవరకొండ:
విశ్వానికి వయసుంది. దాదాపు 1380 కోట్ల ఏళ్లు. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోయినా, అంతకాలంలో మన దాకా రాగలిగినదే మనకు కనబడుతుంది. దానవతలి చుక్కల వెలుగు ఇంకా దారిలోనే ఉంది. పైగా చుక్కలకూ పుట్టుక, చావు ఉన్నాయి. అచ్చంపేట అన్న అడవి పెద్దదే, కానీ మనకు కనిపించేది మాత్రం ఈతవనమంతే.

మీకు నచ్చే సంగతి ఒకటుంది. ఈ జవాబును ముందుగా పట్టినవాళ్లలో ఒక కవి ఉన్నాడు. ఎడ్గార్ ఎలన్ పో 1848లోనే, ఆ దూరాల నుంచి ఏ కిరణమూ ఇంకా మనల్ని చేరి ఉండకపోవచ్చని రాశాడు. భౌతిక శాస్త్రవేత్త కెల్విన్ 1901లో లెక్కలు వేసి చూపాడు.

నిర్వాహకుడు:
అంటే పూరణ చేసింది కవి, గణాలు సరిచూసింది శాస్త్రవేత్త!

అక్కయ్య, గద్వాల:
సారూ, ఒక్క ఎత్తిపొడుపు. వెలుగు "బడలుచుండి" అన్నరు. వెలుగు అలసిపోతుందా?

ఫిజిక్స్ సారు, దేవరకొండ:
అక్కా, పట్టేశారు. 1929లో జ్వికీ అనే శాస్త్రవేత్త వెలుగు దూరం పోతూ అలసిపోతుందని ఊహించాడు. ఆ ఊహ నిలవలేదు. అయితే విశ్వం సాగుతున్న కొద్దీ వెలుగు అలలు కూడా సాగి శక్తి తగ్గుతుంది, అది మాత్రం నిజం. ఆ మేరకు చీకటికి తోడ్పడుతుంది, కానీ పెద్ద కారణం వయసే. ఆ సాగడం వల్లే తొలినాటి వెలుగు ఇప్పుడు కంటికి కనబడని మైక్రోవేవ్‌గా మారి, సున్నా కింద 270 డిగ్రీల చలితో ఆకాశమంతా నిండి ఉంది. 1965లో పెన్జియాస్, విల్సన్ దాన్ని కనుగొన్న సంగతి లోకానికి తెలిసింది.

నిర్వాహకుడు:
సవరణ నేనే చెబుతాను. "బడలుచుండి" తీసి "బడలకుండ" పెట్టండి. "బయలుదేరియు దారిలో బడలకుండ". గణం అదే, యతి అదే, అర్థం ఎదురు తిరిగింది.

ఫిజిక్స్ సారు, దేవరకొండ:
ధన్యవాదాలు. పద్యం ఇప్పుడు పరీక్ష రాసినా పాసవుతుంది.

నిర్వాహకుడు:
మనవరాలికి చదివి వినిపించాను. అంతా విని, "అయితే నేను పెద్దయ్యేసరికి ఇంకొన్ని చుక్కలు చేరతాయా?" అంది. సారూ, దీనికి మీరే జవాబు చెప్పాలి, నేను తప్పుకుంటున్నా.

వచ్చే వారం సమస్య: "మిట్ట మధ్యాహ్నమున వచ్చె మింట చుక్క". గ్రహణం ఈసారి కూడా నిషిద్ధం.

మునుగోడు కుర్రోడు:
సారూ, చుక్క అన్నరు గదా. బావ మధ్యాహ్నం కూడా తాగుతడు. పంపమంటరా?